కొండ దారా, నీటి దారా: 1779లో ఏది మేలు?

నాష్‌విల్ నడిబొడ్డున, కంబర్లాండ్ నది ఒడ్డున ఇద్దరు మగవాళ్ళు చేతులు కలుపుకుని నిలబడ్డ కంచు విగ్రహాలున్నాయి. ఒకాయన జేమ్స్ రాబర్ట్‌సన్, రెండో ఆయన జాన్ డొనెల్సన్. ఆ ఊరు పెట్టింది వీళ్ళే. ఇద్దరూ 1779లో ఇప్పటి టెనసీ రాష్ట్రపు తూర్పు కొస నుంచి, కింగ్స్‌పోర్ట్ ప్రాంతం నుంచి బయల్దేరారు. ఇద్దరూ చేరాల్సింది ఒకే చోటికి, అప్పట్లో ఫ్రెంచ్ లిక్ అని పిలిచే ఉప్పు ఊట దగ్గరికి. ఒకాయన కనుమ దాటి నేల మీద వెళ్ళాడు. ఇంకొకాయన పడవలు కట్టుకుని నీళ్ళ మీద వెళ్ళాడు.

అమెరికాలో తూర్పు కొండలు దాటి పడమటికి వలసపోయిన వాళ్ళ గురించి చదువుతున్నప్పుడు ఏ దారి మేలో తేల్చడం మామూలుగా కుదరదు. ఒక్కో గుంపు ఒక్కో ఏడు వెళ్ళింది, ఒక్కో చోటి నుంచి కదిలింది. ఇక్కడ మాత్రం అదే చలికాలం, అవే కుటుంబాలు. మొగుడు ఒక దారి, పెళ్ళాం ఒక దారి. పోల్చి చూడ్డానికి ఇంత చక్కగా కుదిరిన జత నాకు ఇంకొకటి తెలీదు.

రాబర్ట్‌సన్ వేసిన పథకం వింటే సబబుగానే ఉంటుంది. మగవాళ్ళు, ఎదిగిన కుర్రాళ్ళు గుర్రాల్నీ ఆవుల్నీ గొర్రెల్నీ తోలుకుంటూ కంబర్లాండ్ కనుమ దాటి, కెంటకీ మీదుగా చుట్టు తిరిగి ముందుగా చేరుకోవాలి. గుడిసెలు వేసి ఉంచాలి. ఆడవాళ్ళు, చిన్నపిల్లలు, ఇంటి సామాను డొనెల్సన్ వెంట పడవల్లో రావాలి. రాబర్ట్‌సన్ భార్య షార్లెట్, వాళ్ళ చిన్నపిల్లలు పడవల్లోనే ఉన్నారు. డొనెల్సన్ కూతురు రేచల్ తర్వాతి కాలంలో, ముందుముందు అమెరికా అధ్యక్షుడు కాబోయే ఆండ్రూ జాక్సన్‌కి భార్య అయింది. అప్పటికి పన్నెండేళ్ళ పిల్ల. నాన్న పడవ పేరు ‘అడ్వెంచర్’.

తప్పు పట్టడానికి ఏముంది? కనుమ మీదుగా బండి దారి లేదు. బండ్లు నడిచే రోడ్డు పడింది 1796లో. అంతదాకా పెరికె గుర్రాలే గతి. గుర్రం మీద ఎంత కట్టినా తొంభై కిలోలకి మించి కట్టలేరు. రాట్నం, ఇనప కాగులు, విత్తనాల మూటలు, పరుపులు, నడవలేని ముసలమ్మ, ఇవన్నీ గుర్రం మీదికి ఎక్కించి తీసుకెళ్ళడమంటే మాటలా? పడవలో అయితే అన్నిటికీ చోటుంటుంది. నది తనే మోసుకుపోతుంది, మనం కూర్చుంటే చాలు. దూరపు కొండలు నునుపంటారు. వీళ్ళకి కొండలు గరుగ్గానే కనపడ్డాయి. నునుపుగా కనపడింది నది.

పటం చూస్తే సంగతి వేరేగా ఉంటుంది. ఇప్పుడు కింగ్స్‌పోర్ట్ నుంచి నాష్‌విల్‌కి కారులో నాలుగైదు గంటలు. నది మాత్రం అలా పోదు. హోల్‌స్టన్ నదిలో దిగి టెనసీ నదిలో కలిసి, నైరుతి దిక్కుగా ఇప్పటి అలబామా దాకా దిగి, అక్కడ వంపు తిరిగి మళ్ళీ ఉత్తరానికి ఎక్కి ఒహాయో నదిని చేరాలి. అక్కడి నుంచి ఒహాయోలో కొంత దూరం ఎదురీత, ఆ తర్వాత కంబర్లాండ్ నదిలో గమ్యం దాకా ఎదురీతే. మొత్తం వెయ్యి మైళ్ళ పైమాట. నీరు పల్లమెరుగు. ఈ ఊరు పల్లంలో లేదు.

ముందు కొండ దారి సంగతి.

కంబర్లాండ్ కనుమ ఎవరో కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. అడవి దున్నల మందలూ, చెరోకీ, షానీ అనే స్థానిక తెగల యోధులూ ఎన్నో తరాలుగా నడిచిన బాట అది. 1750లో థామస్ వాకర్ అనే వర్జీనియా వైద్యుడు ఒక భూముల కంపెనీ తరఫున వచ్చి దాని గురించి రాసిపెట్టాడు. 1775 మార్చిలో డేనియల్ బూన్ అనే వేటగాడు ముప్పై మంది దాకా గొడ్డళ్ళవాళ్ళని వెంటేసుకుని, కనుమ మీదుగా కెంటకీ లోపలికి రెండు వందల మైళ్ళు చెట్లకి గాట్లు పెడుతూ, పొదలు నరుకుతూ బాట తీశాడు. బాట అంటే గుర్రం వెనక గుర్రం పోయేంత వెడల్పు, అంతే.

కనుమ ఎత్తు సముద్ర మట్టానికి 1,600 అడుగులు. తిరుమల మెట్లెక్కి వచ్చినవాళ్ళకి అదో ఎక్కుడే కాదు. నేను ఒక నవంబరులో అక్కడ నడిచాను. దాని కింద నుంచి ఇప్పుడు హైవే సొరంగం పోతుంది. 1996లో తెరిచారు, పొడవు 4,600 అడుగులు, కారులో ఒక పాట సగం కూడా అవదు. పాత రోడ్డు తారంతా పెకలించి, మట్టి పోసి, చెట్లు నాటి, కనుమని రెండు వందల ఏళ్ళ కిందట ఉన్నట్టు మళ్ళీ తయారుచేశారు. తడిసిన ఆకుల మీద కాలు జారుతుంది. పైకెక్కి నిలబడితే ఇంతేనా అనిపించింది. అసలు కష్టం కనుమలో లేదు. దాని తర్వాత వచ్చే వాగులు, దట్టమైన రెల్లు పొదలు, ఎవరూ లేని వందల మైళ్ళలో ఉంది.

ఆ దారిన 1775లో వెళ్ళిన విలియం కాల్క్ అనే ఆయన రోజువారీ రాతలు మిగిలాయి. స్పెల్లింగులన్నీ తప్పులే, కానీ మనిషి కళ్ళకి కట్టినట్టు రాశాడు. ప్రయాణం మొదట్లోనే ఒకడి కుక్క ఇంకొకడి కుక్క కాలు విరగ్గొట్టిందట. కంబర్లాండ్ నది పక్కన పోతుండగా ఏబ్రహాం అనే తోటివాడి గుర్రం సామానుతో సహా నీళ్ళలోకి దూకి అవతలి ఒడ్డుకి ఈదేసింది. వాడు వెనకాలే ఈది, దాని మీదెక్కి, మళ్ళీ ఇవతలికి ఈదించుకొచ్చాడు. ఆ మర్నాడు కెంటకీ నుంచి తిరిగొస్తున్న ఒక గుంపు ఎదురుపడి, అక్కడి గురించి భయపెట్టే కబుర్లు చెప్పింది. ఏబ్రహాం ఇంకా ముందుకి పోవడానికి జంకాడు.

ఆ జంకు మీద మనసు పెట్టండి. తూకమంతా దాని మీదే తేలుతుంది.

రాబర్ట్‌సన్ గుంపు ప్రయాణం గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. అదే వాళ్ళ అదృష్టం. కెంటకీలో అక్కడక్కడా దడి కట్టుకున్న చిన్న స్థావరాలు తగిలాయి, అవి దాటాక దక్షిణానికి తిరిగారు. చలి మాత్రం ఎవరూ మరిచిపోలేనంత చలి. ఆ ఏడాది చలికాలానికి అమెరికా చరిత్రలో ‘హార్డ్ వింటర్’ అని పేరే ఉంది. క్రిస్మస్‌కీ కొత్త సంవత్సరానికీ మధ్య రోజుల్లో వీళ్ళు కంబర్లాండ్ ఒడ్డుకి చేరేసరికి నది గడ్డకట్టి ఉంది. మనుషులూ పశువులూ మంచు మీద నడిచి అవతలికి పోయారు. పడవ అక్కర్లేకుండానే నది దాటేశారు.

ఇక నీటి దారి.

డొనెల్సన్ పడవలు 1779 డిసెంబర్ 22న కింగ్స్‌పోర్ట్ దగ్గరి ఫోర్ట్ పాట్రిక్ హెన్రీ అనే కోట నుంచి కదిలాయి. కదిలాయనడమే గానీ, నీళ్ళు తక్కువై, మంచు పేరుకుని ఫిబ్రవరి చివరిదాకా అక్కడక్కడే ఆగిపోయారు. రాబర్ట్‌సన్ గమ్యం చేరి గుడిసెలు లేపుతున్న రోజులకి వీళ్ళింకా బయల్దేరిన చోటికి కూతవేటు దూరంలోనే ఉన్నారు. ఆ తర్వాత కుండపోత. మార్చి మొదట్లో ఒక పడవ మునిగింది. కెప్టెన్ హచింగ్స్ దగ్గర బానిసగా ఉన్న ఒక నల్లజాతి మనిషి కాళ్ళు చలికి గడ్డకట్టి చనిపోయాడు. డొనెల్సన్ తన డైరీలో ఆ చావు రాశాడు, పేరు రాయలేదు.

ఈ నది ఎవరి గుమ్మం ముందునుంచి పోతుందో ఇక్కడ చెప్పాలి. 1775 మార్చిలో రిచర్డ్ హెండర్సన్ అనే కంపెనీవాడు సికమోర్ షోల్స్ దగ్గర చెరోకీ పెద్దలకి పదివేల పౌండ్ల విలువైన సరుకులిచ్చి రెండు కోట్ల ఎకరాల దాకా కొన్నానన్నాడు. యువ నాయకుడు డ్రాగింగ్ కనూ దాన్ని ఒప్పుకోలేదు. తనవాళ్ళని తీసుకుని టెనసీ నది ఒడ్డున, ఇప్పటి చాటనూగా దగ్గర చికమాగా పల్లెలు కట్టుకున్నాడు. 1779 ఏప్రిల్‌లో ఎవాన్ షెల్బీ సైన్యం ఇదే నదిలో పడవల మీద దిగి ఆ పల్లెల్ని తగలబెట్టింది. ఏడాది తిరక్కుండానే అదే వైపు నుంచి ముప్పై పడవలు మళ్ళీ వస్తున్నాయి. ఒడ్డు మీద ఉన్నవాళ్ళకి అవి వలస కుటుంబాల పడవల్లా ఎందుకు కనపడతాయి? మనకి ‘కొత్త నేల’ అన్నది వాళ్ళకి ఇల్లు.

మార్చి 8. పడవల్లో ఒకదానిలో మశూచి ఉంది. స్టువర్ట్ అనే ఆయన కుటుంబం, చుట్టాలు, మొత్తం 28 మంది. మిగతావాళ్ళకి అంటకుండా వాళ్ళ పడవ బాగా వెనకగా రావాలని ఒప్పందం. రాత్రి ఎక్కడ ఆగారో తెలియడానికి ముందున్న పడవలు కొమ్ము ఊదేవి. ఆ వెనకబడ్డ పడవనే చికమాగావాళ్ళు పట్టుకున్నారు. ముందున్నవాళ్ళకి కేకలు వినపడ్డాయి. వెనక్కి పోవడానికి లేదు, ప్రవాహం అటే లాక్కుపోతోంది. పట్టుకున్నవాళ్ళకి మశూచి అంటుకుని ఆ పల్లెల్లో ఎందరో పోయారు. ఎవరికీ మిగిలింది లేదు.

అదే రోజు, కొండల్ని కోసుకుంటూ నది సన్నబడి సుడులు తిరిగే ‘సక్’ అనే చోట ఒక పెద్ద దోనె బోల్తా పడింది. సామాను తీసిద్దామని మిగతావాళ్ళు ఆగారు. కొండ అంచుల మీద నుంచి తుపాకులు పేలాయి. అందరూ పడవల్లోకి ఉరికి లాగించేశారు. జొనాథన్ జెన్నింగ్స్ పడవ మాత్రం బండ మీదికి ఎక్కి ఇరుక్కుపోయింది. ఆయన తుపాకీ పట్టుకుని ఎదురుకాలుస్తూ, సామానంతా నీళ్ళలోకి గిరాటెయ్యమన్నాడు. కొడుకు, ఇంకో కుర్రాడు, బానిసగా ఉన్న నల్లజాతి మగమనిషి పడవ వదిలి దూకేశారు. మిగిలింది ముగ్గురు ఆడవాళ్ళు: జెన్నింగ్స్ భార్య, బానిసగా ఉన్న ఒక నల్లజాతి స్త్రీ, మిసెస్ పేటన్. మిసెస్ పేటన్‌కి ముందు రోజు రాత్రే కాన్పయింది.

ఆ ముగ్గురే తూటాల కింద సామాను పారేశారు. జెన్నింగ్స్ భార్య నీళ్ళలోకి దిగి పడవని నెట్టింది. పడవ ఒక్కసారిగా కదిలి ఆమెని వదిలి పోయేంత పనైంది. ఆ తొందరలో మిసెస్ పేటన్ పసిగుడ్డు పోయింది. మార్చి 10 తెల్లవారుజామున నాలుగింటికి, ముందు పడవలవాళ్ళు వేసుకున్న నెగళ్ళు చూసి ‘జెన్నింగ్స్‌ని కాపాడండి’ అని అరుచుకుంటూ వాళ్ళు చీకట్లో వచ్చి కలిశారు.

ఆ పసిబిడ్డ తండ్రి ఎఫ్రాయిం పేటన్ ఆ రోజున ఎక్కడున్నాడు? రాబర్ట్‌సన్ వెంట నేల దారిలో వెళ్ళాడు. పశువులతో క్షేమంగా ఊరు చేరి రెండు నెలలు దాటింది. పెళ్ళాం సుఖంగా కూర్చుని వస్తుందని పడవెక్కించిన మనిషి.

మార్చి 12న మజిల్ షోల్స్. పాతిక ముప్పై మైళ్ళ పొడవునా రాళ్ళు, నురగ, కొట్టుకొచ్చి గుట్టపడ్డ దుంగలు, దూరం నుంచే హోరు. అక్కడికి వచ్చి, ఇక్కడి నుంచి నేల మీద ఊరికి నడవచ్చో లేదో తెలిసేలా గుర్తులు పెడతానని రాబర్ట్‌సన్ ముందే మాటిచ్చాడు. పడవలవాళ్ళు ఒడ్డున దిగి వెతికారు. ఒక్క గుర్తూ లేదు. గుర్తు కనపడి ఉంటే పడవలు వదిలేసి నడిచిపోయేవాళ్ళే. నీటి దారిలో సగం దూరం వచ్చినవాళ్ళు ఏ దారి కోసం వెతుక్కున్నారన్నది నాకు అన్నిటికంటే పెద్ద సాక్ష్యం. వేరే గతి లేక షోల్స్‌లోకే దూకారు. పడవలు అడుగు రాసుకుంటూ మూడు గంటల్లో బయటపడ్డాయి.

మార్చి 20న ఒహాయో నదీ సంగమం. తిండి అయిపోయింది, నది పొంగి ఉంది, ఈ పడవలు ఎదురీతకి కట్టినవి కావు. అక్కడే గుంపు చీలింది. కొందరు ఇక మా వల్ల కాదని ప్రవాహం వెంట మిసిసిపీ నది ఒడ్డున ఉన్న నాచెజ్‌కి పోయారు, కొందరు ఇల్లినాయ్‌కి. డొనెల్సన్ సొంత కూతురూ అల్లుడూ అక్కడే విడిపోయారు. మిగిలినవాళ్ళు దుప్పటితో తెరచాప కట్టి, అడవి దున్నని వేటాడుకుని, గట్టుల మీద ఆకుకూర కోసుకుని నెట్టుకొచ్చారు. ఏప్రిల్ 24న ఊరు చేరారు. దేవదారు చెట్ల గుట్ట మీద కొన్ని దుంగల గుడిసెలు, రాబర్ట్‌సన్, ఆయన మనుషులు. ఒకరినొకరు మళ్ళీ చూస్తామని ఇరుపక్కలా ఆశ వదులుకున్నాక జరిగిన కలయిక అది.

ఇప్పుడు తూకం వేద్దాం.

సామాను విషయంలో నీటి దారిదే పైచేయి, వాదన లేదు. జెన్నింగ్స్ లాంటివాళ్ళ సామాను నది పాలైనా సరే. పశువుల విషయంలో నేల దారి. పడవలో పది ఆవుల్ని నాలుగు నెలలు మేపలేం. కాలం చూస్తే నేల దారి. పథకం వేసినప్పుడు మాత్రం నీళ్ళ మీద త్వరగా పోతామనే అనుకుని ఉంటారు.

అసలు తేడా ఇవేవీ కాదు. నేల మీద ఆగొచ్చు, దాక్కోవచ్చు, పక్కకి తప్పుకోవచ్చు, అన్నిటికంటే ముఖ్యంగా వెనక్కి తిరగొచ్చు. 1775 ఏప్రిల్ 8న హెండర్సన్ కనుమ దాటి నాలుగు మైళ్ళు పోయేసరికి కెంటకీ నుంచి పారిపోయి వస్తున్న నలభై మంది ఎదురయ్యారు. బతిమాలితే ఒక్కడే మళ్ళీ వెంట వచ్చాడు. 1773లో స్థానిక తెగలవాళ్ళు చేసిన దాడిలో కొడుకు జేమ్స్‌ని పోగొట్టుకున్నాక బూన్ గుంపంతా వెనక్కి మళ్ళింది. కాల్క్ స్నేహితుడు జంకాడు. పిరికితనం అనుకోండి, తెలివి అనుకోండి, అది ప్రాణాలు నిలబెట్టింది. స్టువర్ట్ పడవకి ఆ వెసులుబాటు లేదు. కేకలు విన్నవాళ్ళకీ లేదు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళని, పిల్లల్ని ఎప్పుడూ ‘సుఖమైన’ దారిలో పంపాలని చూస్తాం. సుఖమైన దారికి వెనక్కి తిరిగే వీలుందా అని ఎవరం అడగం. నేనే ఆ ఏడు హోల్‌స్టన్ ఒడ్డున ఉంటే, పరుపులూ రాట్నమూ అక్కడే వదిలేసి, పిల్లల్ని నడిపించుకునే పోయేవాణ్ణి.

దీనికి ఎదురు చెప్పొచ్చు, చెప్పాలి కూడా. రాబర్ట్‌సన్ గుంపులో ఉన్నది గట్టి మగవాళ్ళు. అదే చలికాలంలో అదే బాట మీద కెంటకీకి బయల్దేరిన కుటుంబాలు మంచులో ఇరుక్కుని నానా అవస్థా పడ్డాయి, పశువులు చచ్చిపోయాయి. పసిపిల్లల్తో నేల దారి సుఖంగా సాగేదని నేననడం లేదు. అయినా పిల్లా పాపల్తో ఆ దారి దాటడం అసాధ్యమేమీ కాదు. 1781లో లూయిస్ క్రెయిగ్ అనే బాప్టిస్టు పాస్టర్ వర్జీనియాలోని తన సంఘాన్నంతా, దాదాపు ఐదారు వందల మందిని, ఆడా మగా పిల్లా జెల్లా, బానిసలతో సహా, ఇదే కనుమ మీదుగా చలికాలం మొదట్లో కెంటకీ చేర్చాడు. ఆగుతూ, గుడారాలు వేసుకుంటూ, దారిలో ప్రార్థనలు చేసుకుంటూ వెళ్ళారు.

ఇదంతా విని నీటి దారంటేనే చెడ్డదనుకోకండి. పిట్స్‌బర్గ్ నుంచి ఒహాయో నదిలో కెంటకీకి దిగే దారి వేరే లెక్క. అక్కడ ఊరు పల్లంలోనే ఉంది, చివర్లో ఎదురీత లేదు, మజిల్ షోల్స్ లేవు. కెంటకీ ఒడ్డున లైమ్‌స్టోన్ రేవులో దిగిపోవచ్చు. 1786 అక్టోబర్ నుంచి 1787 మే దాకా ఒహాయో ఒడ్డున ఉన్న ఫోర్ట్ హార్మర్ కోట సైనికులు తమ ముందునుంచి పోయే పడవల్ని లెక్కపెట్టారు: 177 పడవలు, 2,689 మంది, 1,333 గుర్రాలు, 766 పశువులు, 102 బండ్లు. కనుమ దారిలో బండి ఒక్కటి కూడా పోలేని రోజుల్లో! ఏరు దాటి తెప్ప తగలేసినట్టు అని మనం తిట్టుగా వాడతాం గానీ, వీళ్ళు ఏరు దిగి తెప్పని విప్పి, ఆ పలకలతోనే ఇల్లు కట్టుకునేవాళ్ళు.

అక్కడా దాడులు తప్పలేదు. లైమ్‌స్టోన్‌కి తర్వాత మేస్‌విల్ అనే పేరు ఎవరి మీదుగా వచ్చిందో ఆ జాన్ మే 1790లో ఒహాయో మీద పడవలోనే దాడికి బలైపోయాడు. స్థానిక తెగలతో 1794లో ఫాలెన్ టింబర్స్ యుద్ధం, 1795లో గ్రీన్‌విల్ ఒప్పందం అయ్యాక ఆ నది వలసవాళ్ళకి నెమ్మదించింది. కాబట్టి ఎవరైనా 1796లో పిట్స్‌బర్గ్ దగ్గర నిలబడి అడిగితే పడవెక్కమనే చెప్తాను. అంతకుముందు ఒహాయో మీద దిగినవాళ్ళు కూడా ఊళ్ళో చుట్టాల్ని చూడ్డానికో కోర్టు పనికో తూర్పుకి పోవాల్సొస్తే ఏ దారిన పోయేవాళ్ళు? చాలామంది కనుమ మీదుగానే. పడవ ఎదురెక్కదు కదా.

నా తీర్పుని ఇబ్బంది పెట్టే సంగతి ఒకటి ఉంది, దాచడం న్యాయం కాదు. వెయ్యి మైళ్ళ నదిలో సుడులూ తూటాలూ మశూచీ ఆకలీ అన్నీ దాటి కుటుంబాల్ని ఒడ్డుకి చేర్చిన జాన్ డొనెల్సన్, మొక్కజొన్న వేసుకుని, వరదకీ దాడులకీ తట్టుకోలేక ఆ ఏడే కెంటకీకి తరలిపోయాడు. కొన్నేళ్ళకి నాష్‌విల్‌కి తిరిగి వస్తుంటే దారిలో ఎవరో కాల్చి చంపారు. అప్పుడాయన పడవలో లేడు, గుర్రం మీద నేల దారిలోనే వస్తున్నాడు.